ఎరుపు రాని ముఖం

నా భార్య పోయిన పదో రోజు పొద్దున ప్రింటర్ మీద కప్పిన గుడ్డ తీశాను. మర్నాడు పదకొండో దినం. దండ వేయడానికి ఫొటో కావాలి. ప్రత్యేక రాష్ట్రం కోసం వరుసగా బందులు జరుగుతున్న రోజులవి. మెదక్‌లో ఆ రోజు ఒక్క స్టూడియో కూడా తెరవలేదు. కంప్యూటర్‌లో మాత్రం నిజాంపేటలో ఒక పెళ్లిలో తీసిన ఆమె ఫొటో ఉంది. పెద్ద బొట్టు, కొంచెం విసుగు కలిసిన నవ్వు.

మామూలు కాగితం మీద ఒక కాపీ తీశాను. జుట్టు నల్లగానే వచ్చింది. ముఖం పసరు రంగుకు తిరిగింది. బొట్టు ఉండాల్సిన చోట లేత పసుపు మరక, అదీ చర్మంలో కలిసిపోయింది.

మరదలు వంటింట్లోంచి వచ్చి కాగితం తీసుకుంది.

“గిదేంది బావా? మా అక్క నొసలు ఉత్తగున్నది.”

“ఎరుపు వస్తలేదు. ఇంకు ఎండింది.”

“రేపు ముత్తైదువలొచ్చి కూసుంటరు. గీ ఫొటో పెడితే...” నా వైపు చూసి ఆగిపోయింది.

ఆపిన మాట అర్థమైంది. భర్త బతికుండగా పోయిన మనిషికి బొట్టు లేకపోవడమేమిటి?

డైరీ తీసి చూశాను. ఆమెను హైదరాబాద్ దవాఖానలో చేర్చడానికి ముందు వారం రిపోర్టుల కాపీలు తీసినట్టు రాసి ఉంది. ఆ తర్వాత మూడు నెలలు ప్రింటర్‌ను ముట్టుకోలేదు. వారానికొక రంగు పేజీ తీయకపోతే ఇంకు చిమ్మే హెడ్ మూసుకుపోతుందని తెలిసీ.

ఇన్వర్టర్ బ్యాటరీకి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్ గిన్నెలో గోరువెచ్చగా చేశాను. పాత ధోవతి ముక్కను నాలుగు మడతలు వేసి తడిపి, రంగుల కార్ట్‌రిడ్జ్‌ను తీసి దాని మీద అద్దాను. మూడు చారలు పడాలి. నీలం, పసుపు పడ్డాయి. మూడోది లేదు. పది నిమిషాలు ఆగి మళ్లీ అద్దాను. మళ్లీ రెండే.

పని అయిందో లేదో తెలుసుకోవడానికి టెస్ట్ పేజీ గీతలు చాలు. నేను ప్రతిసారీ ఆ ముఖాన్నే తీశాను. వెనక నంబరు, టైము రాసి మంచం మీద ఆరబెట్టాను. అయిదు కాగితాలు వరుసగా చేరాయి.

“మీకంటె ముందు నేనే పోవాలె” అని ఆమె తరచూ అనేది. ఆడవాళ్లందరూ అనేదే కదా అని నేను పట్టించుకోలేదు. మంచం మీంచి బొట్టు లేని అయిదు ముఖాలూ నన్నే చూస్తున్నాయి. పటంలో ఉన్నది నేనూ, పటం ముందు నిలబడింది ఆమే అన్నట్టు.

“ఎర్ర స్కెచ్ పెన్నుతోని చుక్క పెట్టుండ్రి, అయిపోతది,” అంది మరదలు.

“పెన్నుతో పెట్టను.”

“మీరు మారరు. రొట్టె జర వంకర పోతే మీ బావ స్కేలు తెస్తడని మా అక్క ఊకెనే అన్లేదు.”

ఆరోసారి అద్దినప్పుడు గుడ్డ మీద ఎరుపు సన్నగా మొదలై, వెడల్పుగా పాకింది.

మంచి ఫొటో కాగితం ఒక్కటే మిగిలింది. అది పెట్టి బటన్ నొక్కాను. ముఖం తల నుంచే మొదలవుతుంది. జుట్టు, పాపిట, నుదురు పైభాగం. ఇద్దరమూ వంగి చూస్తున్నాం. హెడ్ అటూ ఇటూ కదులుతూ ఒక్కో గీత నింపింది. బొట్టు పైఅంచు ఎర్రగా వచ్చింది. తర్వాత గుండ్రంగా, నిండుగా.

“గిది మా అక్క,” అని మరదలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పొద్దుటి నుంచి నేను కోరింది అదే. అది వచ్చాక కుర్చీలో కూర్చున్నాను. బొట్టుతో వచ్చిన ఈమె పోయిన మనిషి. మంచం మీది కాగితాల్లో పోయింది నేను. అక్కడ ఆమె ఇంకా ఉంది.

“గవి చింపెయ్యాల్నా బావా?”

“వద్దు.”

“ఎవలన్న చూస్తే మంచిగుండదు.”

లేచి దుప్పటి తీసి వాటి మీద కప్పాను. మెడల దాకా కప్పి ఆగిపోయాను. మిగతాది మరదలే ముఖాల మీదికి లాగింది.