తుప్పు మాస్టారు

దత్తాత్రేయులు మాస్టారికి ఒకటే పిచ్చి. తుప్పు! తిరువూరులో ఎవరి గడప తొక్కినా మంచినీళ్లకన్నా ముందు అదే అడిగేవారు. "విరిగిన పారలు, చిల్లుపడ్డ బకెట్లు ఏమన్నా ఉన్నాయామ్మా? ఎంత తుప్పు పడితే అంత మంచిది!"

హనుమాయమ్మగారు మాస్టారి మీద గౌరవంతో పాత కొడవలిని ఇటుకపొడి పెట్టి అరగంట తోమి, తళతళలాడించి ఇచ్చారు. మాస్టారు తల పట్టుకున్నారు. "అయ్యో తల్లీ, సరుకంతా కడిగి పారబోశావు గదా!"

ఇదంతా ఆయన పాత శిష్యుడు, వెల్డింగు షాపు సుభాని వల్ల వచ్చింది. కట్టెల పొయ్యి దగ్గర దగ్గీ దగ్గీ తల్లి కరీంబీ సగమైపోయిందని, డెబ్భై ఆరులో అతను పెరట్లో పేడ గొయ్యి తవ్వించి గోబర్‌గ్యాస్ పెట్టించాడు. పొగ పోయింది, కంపు మొదలైంది. గ్యాసు తిప్పితే చాలు, వీధంతా కుళ్లిన కోడిగుడ్ల వాసన! "శుక్రవారంలోగా ఆపకపోతే గొయ్యి పూడ్చాల్సిందే," అన్నారు వీధి పెద్ద జగన్నాథరావు. అంటే కరీంబీకి మళ్లీ కట్టెలే.

సుభాని బెంగపడ్డాడు. మాస్టారు మాత్రం ఎగిరి గంతేశారు.

"ఒరేయ్, భూమిలోంచి ఆవిరి తోడి కరెంటు తీసే దేశాల్లోనూ ఇదే కంపురా! వాళ్లూ ఇనుముతోనే దాని పని పడుతున్నారట, చదివాను. మన గ్యాసుని తుప్పులోంచి పంపిస్తే కంపు అక్కడే అంటుకుపోతుంది!"

"పనిచేస్తుందా సార్?"

"చెయ్యకేం? ముందు డ్రమ్ము అతుకు!"

గురువారం మాస్టారు విస్సన్నపేట బస్సులోంచి రెండు బస్తాలతో దిగారు. ఏముందని కండక్టరు తడమబోతే, "ముట్టుకోకు, రాలిపోతుంది!" అని కసిరారట.

శుక్రవారం వీధంతా ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని చేరింది. గొట్టానికీ పొయ్యికీ మధ్య తుప్పు నింపిన డ్రమ్ము. కరీంబీ బిస్మిల్లా అని అగ్గిపుల్ల గీసింది. నీలం మంట! హనుమాయమ్మగారు భయంభయంగా కొంగు తీశారు. ఒకసారి పీల్చారు, రెండుసార్లు పీల్చారు.

"ఏమీ రావట్లేదండీ!"

జగన్నాథరావు కూడా వంగి వాసన చూసి, "సరే, ఉంచుకోండయ్యా," అన్నారు. మాస్టారు మాత్రం ఒక్కొక్కరినీ పట్టుకుని ఊపేస్తున్నారు. "పోయిందా? నిజంగా పోయిందా?"

సుభానికి అనుమానం వచ్చింది. "మీరే వాసన చూడొచ్చుగా సార్?"

మాస్టారు గొంతు తగ్గించారు. "నా ముక్కు పనిచెయ్యక పదేళ్లయిందిరా. మల్లెపూలూ ఒకటే, మురుక్కాలవా ఒకటే."

"మరి ఈ కంపు మీకు తెలియనే తెలియదుగా! ఊరంతా ఎందుకు తిరిగారు?"

"చెవులు బాగానే ఉన్నాయి గదరా. పొగలో మీ అమ్మ దగ్గుతుంటే మా ఇంటిదాకా వినపడేది."

కరీంబీ ఆ మంట మీద కాచిన మొదటి టీ మాస్టారి చేతిలో పెట్టింది.

"ఇక ఆ చెవులకు సెలవిచ్చెయ్యండి మాస్టారూ," అంది నవ్వుతూ.