పాలగంటకు లేవని తల్లులు

పదిన్నరకు, తల్లులు చంటిపిల్లలకు పాలివ్వడానికి వెళ్లే పాలగంట మోగింది. బెంచీల మీంచి ఒక్క తల్లీ లేవలేదు. ఏదో కీడు జరిగిందని నా ఒంటికి తెలిసింది అప్పుడే.

1968లో తార్నాకలోని ఒక కాయిల్స్ ఫ్యాక్టరీలో లేబర్ వెల్ఫేర్ ఆఫీసరుగా చేరాను. వెంట్రుకలాంటి రాగితీగను తెగకుండా చుట్టే పని ఆడవాళ్లది; వాళ్లను వైండర్లు అనేవాళ్లం. చెయ్యి కుదరడానికి నెలలు పడుతుంది. చుట్టూ ఇలాంటి కొత్త ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్నాయి. నేర్పే ఓపిక ఎవరికీ లేదు, నేర్చినవాళ్లను లాక్కుపోవడమే. షిఫ్టు వదిలే వేళ బయటి మేస్త్రీలను గేటు దగ్గర ఆపడం కూడా నా డ్యూటీయే.

చట్టప్రకారం ఆరేళ్లలోపు పిల్లలకు శిశుగది ఉండాలి. మాది వెనకగోడకు ఆనుకొని, వీధిలోకి వేరే తలుపుతో ఉండేది. అక్కడ ఆయా ఎల్లమ్మ. పిల్లల్ని బయట తిప్పేటప్పుడు వరసగా తన కొంగు పట్టించేది. దారిలో నోరు మెదపనివాళ్లకు బెల్లంముక్క. నా పాపా బాబూ కూడా ఆమె దగ్గరే.

గదికి పరుగెత్తాను. పిల్లలు లేరు, చీర ఉయ్యాలలు లేవు. కొక్కేలే ఉన్నాయి.

తిరిగొచ్చి అడిగితే లక్ష్మి అనే వైండరు తీగ మీంచి కళ్లు ఎత్తకుండానే చెప్పింది: "పిల్లలు మంచిగున్నరు మేడం. మీ ఇద్దరు గూడ."

"ఎక్కడ?"

"యూనివర్సిటీ లోపలి బాటల పోండ్రి. గోడ పక్కన కొత్త షెడ్డు."

క్యాంపస్ చెట్ల కింద ఎండుటాకుల మీద చిన్న చిన్న అడుగుల జాడ. ఎదురొచ్చిన కాలేజీ కుర్రాణ్ని ఆపితే, చంటివాళ్లు రెండు రిక్షాల్లో వెళ్లారనీ, నడిచేవాళ్లలో ఒక్కరూ కిక్కురుమనలేదనీ చెప్పాడు.

షెడ్డులో అవే చీరలు, అదే వరసలో ఉయ్యాలలై వేలాడుతున్నాయి. నా పిల్లలు చాప మీద బెల్లం చప్పరిస్తున్నారు. "నా పిల్లల్ని ఎందుకు తెచ్చావు?" అని అడిగాను.

"వీళ్లిద్దర్నే గాడ ఇడ్చిపెడితే ఏడ్వరా అమ్మా?" అంది ఎల్లమ్మ, నేనే తప్పు మాట్లాడినట్టు.

అక్కడి సూపర్‌వైజరు నవ్వాడు. "పగటి బువ్వగంటకు తల్లులొస్తరు. మీకు గూడ కుర్చీ ఏసినం మేడం. జర ఆలోచన జేయుండ్రి."

కిటికీ పక్కన ఖాళీ కుర్చీ, దాని పక్కనే రెండు చిన్న పీటలు. పిల్లల్ని చెరో చంకనా ఎత్తుకొని ఇంటికి వచ్చేశాను. మళ్లీ ఏ ఫ్యాక్టరీకీ వెళ్లలేదు.

మధ్యాహ్నం భోజనాల గంటకు బయటికి వెళ్లిన వైండర్లు తిరిగి రాలేదట. బెంచీల మీద సగం చుట్టిన కాయిల్స్ అలాగే ఉండిపోయాయట. పనివాళ్లు ఎక్కువ కూలి వెంట పోతారని కాలేజీలో చదువుకున్నాను. బిడ్డను నమ్మి అప్పగించిన మనిషి వెంట పోతారని ఆ రోజు తెలిసింది. ఆ షెడ్డువాళ్లు కొన్నది ఒక్క ఆయానే.

ఆనాటి నుంచి పిల్లలు నిద్రపోయాక వీధి తలుపు గడియ రెండోసారి చూసుకున్నాకే రాసుకోవడానికి పెన్ను పట్టేదాన్ని. ఆ సంఘటన జరిగిన మర్నాడు పొద్దున వాళ్లను కూర్చోబెట్టి చెప్పాను: "ఎల్లమ్మ మన వాకిట్లోకి వచ్చి కొంగు చాపినా పట్టుకోవద్దు. నన్ను గట్టిగా పిలవాలి. అర్థమైందా?"

పాప నోరు మెదపలేదు. బెల్లం కోసం చెయ్యి చాపింది.