తగ్గిన పన్ను, దిగబడ్డ కారు

వాడకట్టు మొత్తానికి ఆర్థికశాస్త్రం బోధించబోయి, ఆ ఉపన్యాసాన్ని నేను బురదలో ముగించిన కథ ఇది. మొహమాటపడకుండా నవ్వండి. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

బోధన్‌లో నాదొక బట్టల దుకాణం. ఇన్నేళ్లూ అక్కడికి హాయిగా నడిచిన నా కాళ్లు, చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గిందని వినగానే కుంటడం మొదలుపెట్టాయి. కారు కొన్నాను. తగ్గింపేదో నేనే సంపాదించినట్టు ఊరంతా చాటాను.

ఎదురింటి లక్ష్మక్క బీడీలు చుడుతోంది. ఆమెనూ వదల్లేదు.

"అక్కా, పన్ను తగ్గింది. ఉన్నోళ్లకు, లేనోళ్లకు అందరికీ లాభమే!"

"నాకేం తగ్గిందన్నా?"

"ఏం తగ్గలేదు? ఆఖరికి బీడీల మీద గూడ తగ్గింది!"

"మేం సుట్టేటోళ్లం, తాగేటోళ్లం గాదు. షాంపూ పొట్లం కిరాణ సేటు నిన్నటి ధరకే ఇచ్చిండు. ఇడిగ కొనే బియ్యానికి ఎన్నడు పన్నుండె?"

"గవన్నీ పెద్ద లెక్కలక్కా, నీకు తెల్వయి," అని మేధావిగారు, అంటే నేనే, కారెక్కారు.

ఆదివారం నిజాంసాగర్ చూద్దామని మా ఆవిడతో బయల్దేరాను. వీధి మలుపు కూడా దాటలేదు, వాన నీటితో నిండిన గుంతలో కారు దిగబడింది. తొక్కినకొద్దీ ఎండాకాలపు బర్రెలా ఇంకా హాయిగా లోపలికి జారింది. లక్ష్మక్క, ఆమె భర్త, పక్కింటి ఖలీల్ భాయి వచ్చి తోశారు. కారు కదల్లేదు కానీ ముగ్గురూ బురదతో తడిసి ముద్దయ్యారు.

నేను మాత్రం సీటు దిగకుండా, అద్దం దించి, అటుగా వచ్చిన కౌన్సిలర్ మీద విరుచుకుపడ్డాను.

"గీ గుంతలు పూడ్సరా? రోడ్ల పైసలన్నీ యాడికి పోయినయి?"

"నేనేం జెయ్యాలన్నా? పన్ను తగ్గింది, ఖజానాల పైసల్లేవు, జర ఆగుమంటున్నరు పైనోళ్లు."

"పైసల్లేకుంట పన్నెట్ల తగ్గిస్తరయ్యా? ఎవలు బాగుపడ్డరు దాంతోని?"

అందరూ కారునే చూస్తున్నారు. పక్క సీట్లోంచి మా ఆవిడే నోరు విప్పింది.

"రోడ్ల పైసల మీదనే గదా మీరు కూసున్నది! జర దిగుండ్రి, బండి తేలికైతది."

దిగాను. మోకాళ్ల దాకా దిగాను.

కనుక పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కారులో కూర్చుని పన్నుల గురించి మాట్లాడను. మరీ నోరు ఊరుకోకపోతే ముందు కిందికి దిగి, ప్యాంటు మడిచి, కారు తోసి, ఆ తర్వాత ఊపిరి మిగిలితే మాట్లాడతాను.