చేత్తో తాకకూడని పుల్ల

పోయిన శనివారం నా పరువు పోయింది. ఊరికే పోలేదు. గ్లౌజులు తొడుక్కుని, సూచనల కాగితం మూడుసార్లు చదువుకుని, ఎంతో జాగ్రత్తగా పోగొట్టుకున్నాను.

మలేషియాలోని తెలుక్ ఇంటాన్‌లో మాకు బట్టలుతికి ఆరబెట్టిచ్చే చిన్న దోబీ షాపుంది. పిల్లలిద్దరూ కౌలాలంపూర్‌లో హాస్టళ్ళలో చదువుకుంటున్నారు. వాళ్ళను నేను ఇక్కణ్ణుంచి ఫోన్‌లో పెంచుతున్నాను. రోజూ సాయంత్రం ఆరింటికి ఇద్దరినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి పాఠం మొదలుపెడతాను. తలుపు గడియ పెట్టినారా? ప్లగ్ తీసినారా? ఏ పనైనా చేసే ముందు కాగితం మీద ఏం రాసుందో చదివినారా? మా అబ్బాయి దినేష్ ఫోన్ బల్ల మీద పెట్టి అన్నం తింటూంటాడు. స్పూన్ చప్పుడు వినబడుతూనే ఉంటుంది. అయినా ఆపను.

ఆ వారం షాపులో గ్యాస్ డ్రయ్యర్ వేడెక్కడం మానేసింది. డ్రమ్ము తిరుగుతోంది, బట్టలు మాత్రం తడిగానే వస్తున్నాయి. బయట చూస్తే వాన. లోపల ఇగ్నైటర్ పోయిందని తేలింది. అదొక బూడిదరంగు పుల్ల. కరెంటు పెడితే ఎర్రగా కాలి గ్యాస్‌ని అంటిస్తుంది.

"మెకానిక్‌ని పిలు లా నాన్నా," అంది ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి, ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి పవిత్ర.

"అతను సోమవారం గానీ రాడు. నేనే మారుస్తాను. ఈ మాత్రం నాకు చేతకాకపోతే ఇంకెప్పుడూ మీకు జాగ్రత్తలు చెప్పను."

స్పూన్ చప్పుడు ఆగింది. "ప్రామిస్సా నాన్నా?" అన్నాడు దినేష్.

శనివారం ఫోన్‌ని సబ్బుపొడి డబ్బాకి ఆనించాను. పిల్లలు చూస్తుండగా ప్లగ్ పీకాను, గ్యాస్ కట్టేశాను. పాత పుల్ల తీసి, కొత్తదాన్ని తెల్లగుడ్డ మీద పడుకోబెట్టాను.

"ఆ పుల్లని చేత్తో ముట్టుకోకు నాన్నా. ఏలి మీద నూనె అంటుకున్నా సాలు, ఏడికి పగిలిపోద్ది," అంది పవిత్ర.

అదేదో నేను కనిపెట్టిన సంగతిలా మా ఆవిడ సరోజకి మళ్ళీ చెప్పాను. దగ్గర నిలబడి తుమ్మొద్దని కూడా చెప్పాను.

"సరే గానీ, ఏటండీ ఇది? కొత్త సామాను బొట్టెట్టకుండా లోపల పెట్టేస్తారా?" అంది సరోజ.

నిజమే. మా ఇంట్లో మోటార్‌బైక్ నుంచి రైస్ కుక్కర్ దాకా బొట్టు లేకుండా ఏదీ పని మొదలుపెట్టలేదు. గ్లౌజులతో దేవుడి పని చేయకూడదు కదా, తీసేశాను. షాపులో దేవుడి పటం ముందు దీపం వెలిగించి, వత్తి ఎగదోసి, ఆ వేలితోనే కుంకుమ అద్దుకుని పుల్ల నడుముకి చక్కని బొట్టు పెట్టాను. సగం పని నాకు నచ్చదు. పక్కనే విభూతి కూడా మూడు గీతలు గీశాను.

పూజ మధ్యలో మాటలు వద్దని ఫోన్ సౌండ్ అప్పటికే తీసేశాను. తెర మీద పిల్లలిద్దరూ చేతులు తెగ ఊపుతున్నారు. దణ్ణం పెడుతున్నారనుకుని ముచ్చటపడ్డాను.

తర్వాత చేతులు శుభ్రంగా కడుక్కుని, మళ్ళీ గ్లౌజులు వేసుకుని, పుల్లకి నా చెయ్యి తగలకుండా బిగించాను. గ్యాస్ తిప్పి, ప్లగ్ పెట్టి స్విచ్ వేస్తే ఎర్రబడింది. మంట వచ్చింది. "చూసినారా?" అంటూ సౌండ్ పెంచబోయాను. కాసేపటికి రెండోసారి ఎర్రబడింది. టక్‌మంది. అంతే, డ్రమ్ము చల్లబడింది.

అప్పుడు ఫోన్ సౌండ్ పెంచాను. పవిత్రే మెల్లగా అడిగింది, "నాన్నా, కాగితం మీద ఏం రాసుందో సదివినావా?"

సోమవారం మెకానిక్ వచ్చి విరిగిన పుల్ల తీశాడు. దాని మీది బొట్టు చూశాడు, నా నుదుటి మీది బొట్టు చూశాడు, కొత్తది బిగించి బిల్లు నా చేతిలో పెట్టాడు. ఏదైనా అనుంటే బాగుండేది.

ఇప్పుడు సాయంత్రం ఆరింటికి ఫోన్ అటునుంచి వస్తోంది. గ్యాస్ కట్టినావా, ప్లగ్ తీసినావా అని దినేష్ అడుగుతుంటే నేను ఫోన్ బల్ల మీద పెట్టి అన్నం తింటున్నాను.

పుల్లని పారేద్దామంటే సరోజ ఒప్పుకోలేదు. "బొట్టెట్టినదాన్ని సెత్తలో ఎలా ఏస్తారండీ?" అంది. అందుకని అది దేవుడి పటం పక్కనే ఉంది. రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటున్నాను. చేత్తో మాత్రం తాకడం లేదు.