స్కానింగు గదిలో జలగండం

మా ఆయనకి జలగండం ఉందని పుట్టినప్పుడే ఎవరో సిద్ధాంతిగారు చెప్పారట. అప్పట్నుంచి మా అత్తగారు ఆయన్ని నీళ్ళ దగ్గరికి పోనివ్వలేదు. గోదావరి ఒడ్డున పుట్టి నలభై దాటిన మనిషికి తెలిసిన ప్రవాహం బాత్రూములో షవరొక్కటే. మణికొండలో మా అపార్టుమెంటు స్విమ్మింగ్‌పూల్ పక్కన నడిచినా ఆవిడ బాల్కనీలోంచి కేకేస్తారు.

అలాంటి మనిషిని ఆఫీసువాళ్ళు ఏడాదిపాటు ఆఫ్రికాలోని మలావి పంపారు. అక్కడ సముద్రమంత సరస్సు. చూసి అరిచేవాళ్ళెవరూ లేరు. ఇంకేం, ఆదివారమొస్తే అందులోనే. అమ్మకి చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుని ఫొటోలు పంపేవారు. నిలబడింది నడుంలోతు నీళ్ళలో, ఫోజు మాత్రం సప్తసముద్రాలూ ఈదినట్టు.

తిరిగొచ్చిన కొన్నాళ్ళకి మూత్రంలో రక్తం పడింది. అదీ దాచారు మహానుభావుడు. నేనే కనిపెట్టి నిలదీస్తే బీట్‌రూట్ తిన్నానన్నారు. మా ఇంట్లో బీట్‌రూట్ ఎవరు వండారు కనక! లాక్కెళ్ళి చూపిస్తే డాక్టరుగారు క్యాన్సరు గడ్డ కూడా కావచ్చన్నారు, స్కానింగు రాశారు. ఆ రోజునుంచీ నాకు అన్నం సహించలేదు.

కొండాపూర్‌లో స్కానింగు సెంటరు. మూత్రాశయం నిండితేగాని లోపలికి పంపరు. వరసగా కూర్చున్న గర్భిణుల మధ్య నీళ్ళ సీసా పట్టుకుని, కాళ్ళు మెలిపెట్టుకుని మా ఆయన. అక్కడి ఆయమ్మ మాటిమాటికీ వచ్చి, "జర ఆగుండ్రి సార్, ఇంక నిండాలె" అని పోతుంది. నాకు ఒకపక్క నవ్వు, ఒకపక్క భయం.

మాతో బయల్దేరిన అత్తగారు లోపలికీ వచ్చారు. వద్దంటే వింటారా? స్కానింగు చేసే డాక్టరమ్మ ఆయన పొట్ట మీద జెల్లు రాసి, తెర వంక చాలాసేపు చూసింది. మూత్రాశయం గోడ మందంగా ఉందని, లోపల బుడిపెలు కనిపిస్తున్నాయని చెప్పింది. ఆఫ్రికా వైపు ఎప్పుడైనా వెళ్ళారా అంది. వెళ్ళానన్నారు.

"అక్కడ చెరువుల్లోగానీ సరస్సుల్లోగానీ దిగారా?"

ఈయన వాళ్ళమ్మ వైపు చూశారు. "లేదండి."

నాకు ఒళ్ళు మండింది. ప్రాణం మీదికొచ్చినా అమ్మ భయమేనా!

"దిగారండీ. ఆదివారం ఆదివారం దిగారు. నా ఫోన్లో ఫొటోలున్నాయి" అన్నాను.

డాక్టరమ్మ మొహం తేటపడింది. అక్కడి నీళ్ళలో ఒక పురుగుంటుందట. చర్మంలోంచి దూరి ఒంట్లో పెరుగుతుందట, దాని గుడ్లు మూత్రాశయం గోడలో చేరతాయట. మూత్రం పరీక్షలో గుడ్లు కనబడితే మాత్రలతో తగ్గిపోతుందంది. మొగుడికి పురుగు పట్టిందని ఆనందంతో ఏడ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పరీక్షలో గుడ్లు కనబడ్డాయి. అత్తగారు మాత్రం స్కానింగు గదిలోంచి వచ్చాక మాతో మాట్లాడలేదు. ఎప్పుడు తిడతారా అని ఇద్దరం ఆవిడకి ఎదురుపడకుండా తిరిగాం. మాత్రలు తెచ్చిన సాయంత్రం ఆవిడే గ్లాసుతో నీళ్ళు తెచ్చి, కొడుకు పక్కన కూర్చున్నారు.

"ఎలా ఉంటుందిరా నీళ్ళలో? నువ్వు పుట్టాక నేనూ దిగలేదు. పుష్కరాలకి కూడా నెత్తిన చల్లుకోవడమే."

ఆయన మాత్ర వేసుకుని, గ్లాసులో నీళ్ళు చివరిదాకా తాగారు. "బాగుంటుందమ్మా" అన్నారు.