లారీ అద్దానికి పుస్తెలు

దుర్గమ్మ పుట్టుకతోనే పిరికిది. పిల్లి ఎదురొస్తే ఇంట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి గానీ మళ్ళీ బయలుదేరేది కాదు. అలాంటి మనిషిని తెచ్చి లారీ డ్రైవర్‌కి ఇచ్చి చేశారు పెద్దలు! మొగుడు పర్వతాలు మేడ్చల్ నుంచి నాగపూర్ దాకా లోడు తోలేవాడు. ఆయన వెళ్ళిన దగ్గర్నుంచి వచ్చేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. హైవే మీద ఎక్కడ లారీ బోల్తా పడిందన్నా అది మొగుడిదే అనుకునేది.

ఆ భయమే ఆమెను స్టేషన్ వెనక రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనకు తీసుకుపోయింది. అక్కడ మోకరించి ఏడిస్తే గుండె తేలికపడింది. రెండేళ్ళు వెళ్ళింది. పర్వతాలు అడ్డు చెప్పలేదు. "పోతే పోనీ, జర నిమ్మలంగ నిద్రన్న పోతది" అనేవాడు.

1998లో బాప్తిస్మం అడిగింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ సంఘంలో నీళ్ళలోకి దిగే ఆడవాళ్ళు ఒంటి మీద నగ ఉంచుకోకూడదు. లోకపు ఆశలన్నీ ఒడ్డునే వదిలి దిగాలని వాళ్ళ పట్టు. కమ్మలు, మెట్టెలు, నల్లపూసలు, చివరికి పుస్తెలు కూడా.

ఆదివారం పొద్దున శామీర్‌పేట చెరువు ఒడ్డున కమ్మలు తీయడానికి ఆమెకు నిమిషం పట్టలేదు. పుస్తెల దగ్గర చెయ్యి ఆగిపోయింది. మొగుడు పోయిన రోజున కదా వాటిని తెంపేది!

"అయ్యగారూ, ఆయన బండి మీద ఉన్నడు. వచ్చినంక తీస్త" అంది.

"దేవుడు కాపాడ్తడా, ఆ తాడు కాపాడ్తదా? నువ్వే చెప్పమ్మా" అన్నాడు పాస్టరు మెత్తగా. గదమాయించి ఉంటే తిట్టుకుంటూ ఇంటికైనా వచ్చేసేది. మెత్తగా అడిగేసరికి తీసి కొంగున కట్టుకుంది.

మునిగి లేచింది. ఆ కాసేపు నిజంగానే ఆమెకు ఏ భయమూ లేదు. బస్సెక్కి మేడ్చల్ చేరేలోపు అంతా తిరిగొచ్చింది.

ఆమె బోసి మెడ చూసి అత్త గుమ్మంలోనే కూలబడింది. "నా కొడుకు బతికుండంగనే గిట్ల జేసినవా? వానికేమన్నయితే..." అంది.

పర్వతాలు ఆ సాయంత్రానికే రావాలి. రాలేదు. సోమవారం రాలేదు. మంగళవారం పొద్దున ఎస్టీడీ బూత్ నుంచి లారీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, నిర్మల్ ఘాట్‌లో ఏదో బండి పడిందట, ఎవరిదో తెలియదన్నారు. దుర్గమ్మ ఇంటికొచ్చి మోకరిస్తే నోట ఒక్క మాట రాలేదు. లేచి, బియ్యం డబ్బాలో దాచిన పుస్తెలు తీసి, చీర కింద నడుముకు కట్టుకుంది. మెడలో వేసుకుంటే దేవుడు చూస్తాడు, నడుముకైతే చూడడు అనుకుంది పిచ్చిది.

మధ్యాహ్నం దాటాక వీధి చివర హారన్ వినిపించింది. పర్వతాలు గ్రీజు చేతులతో దిగాడు. "గేర్‌బాక్స్ పోయిందే. ఆదిలాబాద్ కాడ రెండు దినాలు పడున్న" అంటూ ఆమె మెడ చూసి ఆగిపోయాడు.

కొడతాడనుకుంది. కొట్టలేదు. ఆరు టైర్ల బండిని ఘాట్లో దింపే మనిషి నిలువునా వణికిపోయాడు. అది చూసి ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. నడుము దగ్గర ముడి విప్పి పుస్తెలు ఆయన చేతిలో పెట్టింది.

"దేవునికని తీసేసిన. నువ్వు రాకపోయేసరికి దొంగలెక్క మల్ల కట్టుకున్న. ఇగ నాతోని కాదు. నువ్వే పెట్టుకో."

ఆయన "నువ్వు ఇడిస్తే ఇడువు. నాకైతే భయమైతాంది" అని లారీ ఎక్కి, లోపలి అద్దానికి వేలాడే నిమ్మకాయల పక్కన వాటిని గట్టిగా ముడేశాడు.

ఆ తర్వాత పదకొండేళ్ళు బండి తోలాడు. సంఘంలో సాక్ష్యం చెప్పమంటే ఆడవాళ్ళంతా లోకాన్ని వదిలేశామని చెప్పేవారు. దుర్గమ్మ మాత్రం "బంగారం ఇడిసిన. భయం ఇంక ఇడువలే. నాకోసం ప్రార్థన చెయ్యుండ్రి" అని కూర్చునేది. ఆమె మెడలో మళ్ళీ ఏ తాడూ పడలేదు. కానీ బండి కదిలే ప్రతిసారీ దాని ముందు నిలబడి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, ఆమేన్ అని కళ్ళు తెరిచి, అద్దానికి పుస్తెలు ఉన్నాయో లేదో చూసుకుని గానీ పక్కకు తప్పుకునేది కాదు.