బెట్టలో ఉన్న తోటకు నీళ్లు

వరి మడులు మా ఆయనవి, నిమ్మతోట నాది. గూడూరు పక్క పల్లెలో మా ఇంట్లో ఈ పంపకం నేను పట్టుబట్టి నిమ్మ మొక్కలు నాటించిన రోజున జరిగింది. "నీ నిమ్మ జోలికి నేను రాను, నా వరి జోలికి నువ్వు రావద్దు" అన్నాడాయన. సరే అన్నాను. అనడమైతే అన్నాను గానీ, నాకు నిమ్మ గురించి ఓనమాలు కూడా తెలియవు. నేర్పింది మా తమ్ముడు పెట్టిన వెబ్‌సైటు.

తమ్ముడికి గూడూరులో కంప్యూటర్ల షాపు ఉంది. నిమ్మ రైతులు మాట్లాడుకోవడానికని సరదాగా దాన్ని మొదలుపెట్టాడు. అక్కడ ఒకటే కట్టుబాటు. ఎవరైనా తమ తోట కష్టం రాస్తే, సలహా చెప్పేవాళ్లు ముందు ఒక ప్రశ్న అడగాలి. నేల ఇసకా, రేగడా? చెట్ల వయసెంత? నీళ్లు ఎప్పుడు పెట్టారు? దానికి జవాబు వచ్చాకే సలహా. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఆకు ముడుచుకుపోతోంది మహాప్రభో అంటే, మందు పేరు చెప్పకుండా ఈ విచారణ ఏంటి! పోనుపోను ఆ ప్రశ్నల రుచి తెలిసింది. చిట్టమూరు వైపు నుంచి ఒక పాస్టరు గారు ఆదివారం ఆరాధన ముగించుకుని మధ్యాహ్నం తీరిగ్గా రాసే జవాబులు చదువుతూ కూర్చుంటే, పొయ్యి మీద కూర మాడిపోయేది.

ఆ తర్వాత అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చాయి, ఊరికొక గ్రూపు పుట్టింది. పొద్దున లేస్తే పూల బొమ్మలు, దండాలు. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరిందంటే, అందరం మిద్దెలెక్కి చూసిన ఆ పొగచారనే మళ్లీ అందరూ అందరికీ పంపుకునేవారు. నాకూ సరదాగానే ఉండేది, అబద్ధమెందుకు? కానీ వెబ్‌సైటులో రాసేవాళ్లు తగ్గిపోయారు. నేను ఎరువు గురించి ఇంత పొడుగున రాస్తే ఒక్కరూ పలకలేదు.

"ఎవురూ రాయడం లేదక్కా. దసరా దాకా చూస్తా. అప్పటికీ ఇట్టే ఉంటే మూసేస్తా" అన్నాడు తమ్ముడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా తోట పెరిగింది అక్కడే కదా! మా ఆయన మాత్రం నవ్వాడు. "పోనీలే మే, మీ కోర్టు మూతపడితే కూరన్నా మాడకుండా ఉంటుంది" అన్నాడు.

అంతలో మా పక్క తోట రైతు, మేమంతా అన్నా అని పిలిచే ఆయన వ్యవహారం వచ్చిపడింది. ఎండాకాలంలో నిమ్మకాయకు గిరాకీ. ఆ కాపు రావాలంటే ముందు చెట్లకు కొన్నాళ్లు నీళ్లు ఆపేయాలి. దాన్ని బెట్ట పెట్టడం అంటారు. ఆకులు వేలాడిపోయి, కొన్ని రాలిపోయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అప్పుడు నీళ్లిస్తే చెట్టు విరగబూస్తుంది. నా తోట ఇంకా లేత కాపులోనే ఉంది కాబట్టి మా ఇంట్లో బెట్ట ముచ్చట ఎప్పుడూ రాలేదు. అన్న తన తోటను బెట్టకు పెట్టి, కూతురి కాన్పని తిరుపతి వెళ్లాడు.

ఎవరో మహానుభావుడు ఆ తోట ఫోటో తీసి "అయ్యో, చెట్లు చచ్చిపోతున్నాయి" అని గ్రూపులో పెట్టాడు. ఇక చూడండి, ఏడుపు ముఖాలు, దండాలు, మందుల పేర్లు! నీళ్లు ఎందుకు లేవని అడిగినవాళ్లు ఒక్కరు లేరు. నేను కాయలు వేసుకుని మార్కెట్టుకు పోయి ఉన్నాను. వరి రైతు కంటికి ఎండిన నేల కనపడితే చేతులు ఊరుకుంటాయా? మా ఆయన పోయి అన్న మోటారు వేసి, పాదులు నింపుతూ ఫోటో కూడా పెట్టాడు. గ్రూపంతా చప్పట్లు. సగం తోట తడిశాక కరెంటు పోయింది. తర్వాత సంగతి తెలిసి, జన్మలో మొదటిసారి కరెంటు పోయినందుకు దండం పెట్టుకున్నాను.

మరునాడు అన్న దిగాడు. "ఎవుర్రా నా తోట తడిపింది?"

"నేనే అన్నా. చెట్లు చచ్చిపోతా ఉంటే చూస్తా ఊరుకుంటానా?"

"చచ్చిపోవడం ఏందిరా! నేనే ఎండబెట్టినా!"

మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. నాకు నవ్వు ఆగలేదు, చెంగు నోట్లో కుక్కుకున్నాను. కానీ అన్నది నవ్వే పరిస్థితి కాదు. "పూత రాకుండా ఒట్టి చిగురు లేచిందంటే నా ఎండాకాలం కాపు గోవిందా" అంటూ అరుగు మీద కూలబడ్డాడు. ఇప్పుడేం చేయాలని నేను గ్రూపులో అడిగితే మళ్లీ దండాలే వచ్చాయి. ఒకాయన రాకెట్ వీడియో పెట్టాడు.

"అన్నా, వెబ్‌సైటులో రాయి" అన్నాను. అన్న ఒంటివేలితో పొద్దుగూకే దాకా రాశాడు. పాస్టరు గారు ఆదివారం దాకా ఆగకుండా ఆ సాయంత్రమే అడిగారు: ఎన్ని వరసలు తడిశాయి? నీళ్లు పాదుల్లో నిలిచాయా, ఇంకిపోయాయా? ఊళ్లో లేని అన్నకేం తెలుసు? చెప్పాల్సింది మా ఆయనే. తప్పించుకోలేక కళ్లజోడు పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. రెండు ముక్కలు చాలయ్యా అంటే, మోటారు వేసిన దగ్గర్నుంచి కరెంటు పోయేదాకా పూసగుచ్చినట్టు రాశాడు.

అది చదివి నవ్వుకున్న పాతవాళ్లంతా ఒక్కొక్కరే మళ్లీ రాయడం మొదలుపెట్టారు. ఇసక నేల కదా, తొందరగానే ఆరుతుంది, తడిసిన సగాన్ని మళ్లీ బెట్టకు పెట్టమన్నారు పాస్టరు గారు. చెట్లు నీరసించిపోతాయి, వద్దన్నాడు గూడూరు రైతు ఒకాయన. ప్రశ్న మీద ప్రశ్న, జవాబు మీద జవాబు, ఎవరూ ఎవరినీ ఒక్క తిట్టు తిట్టలేదు. చివరికి అన్న పాస్టరు గారి మాటే పట్టుకున్నాడు. తడవని సగానికి తన లెక్క ప్రకారం నీళ్లిచ్చి, తడిసిన సగాన్ని మళ్లీ ఎండబెట్టాడు.

దసరా నాటికి తడవని సగం తెల్లగా పూసింది. రెండో సగంలోనూ మొగ్గ పడింది. గట్టు మీద నడుస్తుంటే ఆ వాసనకు నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అన్న వచ్చి మా ఆయన వీపు మీద ఒక్కటి చరిచి, మనవరాలు పుట్టినందుకు మిఠాయి పొట్లం చేతిలో పెట్టాడు.

పండగ భోజనానికి తమ్ముడు వచ్చాడు. గారెలు తింటూ తింటూ వాడు, "బావా, దసరా వచ్చేసింది. రేపు మూసేయమంటావా?" అన్నాడు.

మా ఆయన చేతిలో గారె ఆకులో పడేశాడు. "ఎట్ట మూస్తావురా? నీళ్లు తగ్గితే నా వరి గింజ పట్టక తాలు పోతుంది గదా, నిమ్మెందుకు పూస్తుందని రాసినా. పాస్టరు గారు ఇంకా జవాబియ్యలా! ఆదివారం రానీ!"